గిట్ట గుంటలో పచ్చ నలుసులు

ఒకప్పుడు నీళ్ళలో బతికే నలుసులన్నీ దేనికి తోచినట్టు అది తిరిగేవి. గేదె గిట్ట దిగబడిన చోట నిలిచిన వాననీటిలో అలాంటివి బోలెడుండేవి. కంటికి ఆనవు. పచ్చగా, గుండ్రంగా, ఒళ్ళంతా సన్నని నూగుతో ఉండేవి. నూగు ఆడిస్తే గిర్రున తిరిగి పైకి తేలేవి. ఆగితే మునిగిపోయేవి. అడుగున ఎండ ఉండదు. ఎండ లేకపోతే వాటికి తిండి లేదు.

వాటిలో బొంగరి అనే పిల్ల ఉండేది. వాళ్ళమ్మ అలాగే మునిగిపోయింది. మిగిలింది ఒక్క తమ్ముడు, బుల్లోడు. వాడికి నూగు పలచన. ఒకరోజు వాడూ అడుగుకి జారిపోయాడు.

"అక్కా! చీకటిగా ఉందే!"

బొంగరి ప్రాణం విలవిల్లాడింది. గబగబా తిరిగి, వాడున్న చోటి నీటిని పైకి లాగబోయింది. పక్కనున్న గుండయ్య మామ తిరుగుడు ఆ నీటిని అటు తోసేసింది. అవతలివాళ్ళు ఇటు తోశారు. ఆ గుంటలో పక్కవాడి కంటే జోరుగా తిరగడమే గొప్ప మరి! ఏం గొప్పో, ఏమో.

"ఒక్కసారి ఆగండి! మీకు దణ్ణం పెడతాను" అని ఏడ్చింది బొంగరి.

జాలిపడి అందరూ ఆగారు. ఆగగానే అందరూ మునగసాగారు!

"అమ్మో, తిరగండి, తిరగండి!" అంటూ మళ్ళీ ఎవరి తీరున వాళ్ళు మొదలుపెట్టారు.

అప్పుడు నీళ్ళు మెల్లగా అన్నాయి. "వాళ్ళని ఆపకు తల్లీ. నువ్వు తిరిగితే నేను కదులుతాను. నేను కదిలితే ఆ తోపు మీ మామ ఒంటికి తగులుతుంది. తొందరపడకు. ఒకే తీరున తిరుగుతూ ఉండు."

తమ్ముడి గొంతు సన్నబడుతోంది. అయినా బొంగరి ఏడుపు దిగమింగుకుని ఒకే తీరున తిరిగింది. గుండయ్యకి నీటి తోపు తగిలింది. విసుక్కున్నాడు. మళ్ళీ తగిలింది. "ఇదేదో హాయిగా ఉందే అమ్మాయ్" అంటూ ఆ తీరులో పడ్డాడు. అతని తోపు పక్కవాళ్ళకి, వాళ్ళది ఆ పక్కవాళ్ళకి అందింది. చిన్న చిన్న తోపులన్నీ కలిసి ఒక్క సుడి అయ్యాయి. అడుగు నీళ్ళు పైకి లేచాయి.

వాటితో బుల్లోడూ వచ్చాడు. వెలవెలబోయి ఉన్నాడు. కదలడం లేదు. అయినా ఎవరూ తిరగడం ఆపలేదు. చాలాసేపు ఎండ తగిలాక వాడి నూగు కదిలింది, నెమ్మదిగా.

"జోరు తగ్గించండర్రా, పిల్లాడు అందుకోలేడు" అన్నాడు గుండయ్య. అందరూ తగ్గించారు.

అప్పటినుంచే నీళ్ళలో తిరిగే నలుసులు మొదట దేని తీరున అది తిరిగినా, కాసేపటికి ఒకే తీరులోకి వస్తాయి. ఒకదాన్నొకటి తాకవు, పిలుచుకోవు. నీళ్ళే కబురు మోస్తాయి. జోరుగా తిరిగేది కాస్త తగ్గుతుంది, నెమ్మదిగా తిరిగేది కాస్త అందుకుంటుంది. బొంగరి వాళ్ళమ్మ మునిగిన వైపుకి ఇంకెవరూ ఒంటరిగా జారిపోకూడదని.