పోలవ్వ మళ్లీ కొట్టించిన దరువు

ఒకప్పుడు వడ్రంగి పిట్ట ఒకసారి కొట్టిన దరువు జోలికి మళ్లీ పోయేది కాదు. పూటకో కొత్త దరువు కొట్టేది.

ఆ రోజుల్లో కొండమీది మద్దిచెట్లలో పోలవ్వ అనే ముసలి వడ్రంగి పిట్ట పిల్లలకు దరువులు నేర్పేది. ఎండిన బోలు కొమ్మే వాళ్ల డోలు. పోలవ్వకు మెడ పట్టేసింది, ముక్కు అరిగిపోయింది. పాత పాఠం అడిగితే పిల్లలు తప్పులు కొడతారు. దిద్దాలి, మళ్లీ తప్పుతారు, మళ్లీ దిద్దాలి. అంత ఓపిక ఆమెకు లేదు. పిల్లలేమో అది వచ్చేసింది, కొత్తది చెప్పమనేవారు. అదే నయమనుకుని చెప్పేసేది.

అన్నిటికంటే ముందు నేర్పింది కొండకు నిప్పంటుకుంటే కొట్టే పొగ దరువు. అది వినబడితే చాలు, ఎక్కడున్నా వచ్చి కురుస్తానని పడమటి మబ్బు మాట ఇచ్చింది.

ఒక ఎండాకాలం మధ్యాహ్నం పోలవ్వ మెడనొప్పి తగ్గుతుందేమోనని లోయలో సెలయేటికి వెళ్లింది. అప్పుడే కొండకు నిప్పంటుకుంది. పిల్లలు కొమ్మ మీదికి ఉరికారు. మూడు దెబ్బలు సరిగ్గానే పడ్డాయి. ఆ తర్వాతది ఎవరికీ గుర్తురాలేదు. ఒకరు పెళ్లి దరువులోకి పోయారు, ఇంకొకరు కోతల దరువులోకి.

పొగ చూసి పోలవ్వ ఎగిరొచ్చి తనే కొట్టింది. మబ్బు పరుగున వచ్చి కురిసింది. అప్పటికే ఒక చెట్టు కాలిపోయింది. అందులో, పిల్లల్లో చిన్నదైన మల్లి వాళ్లమ్మ పెట్టిన నాలుగు గుడ్లున్నాయి.

"పెళ్లనుకున్నానమ్మా" అంది మబ్బు, తలదించుకుని.

పోలవ్వ పిల్లలవైపు తిరిగి, నేర్పాను కదా అంది నీరసంగా.

"నేర్పావవ్వా. మళ్లీ ఎప్పుడూ అడగలేదు" అంది మల్లి.

ఆ పూట పోలవ్వ నీళ్లు కూడా ముట్టలేదు.

తెల్లారాక పిల్లల్ని కూర్చోబెట్టి పొగ దరువు కొట్టించింది. మర్నాడూ అదే. ఆ మర్నాడు కొత్తది మొదలుపెట్టింది, కానీ ముందు పాతది కొట్టించాకే. ఇంకా ఎన్నిసార్లని పిల్లలు విసుక్కున్నారు.

"నాకూ విసుగేరా. మెడ లాగేస్తోంది. ఊఁ, కొట్టండి" అంది పోలవ్వ.

వానలు మొదలయ్యేసరికి మల్లి నిద్రమత్తులో కూడా పొగ దరువు తప్పు లేకుండా కొట్టగలిగేది. అది విని పోలవ్వ చాలా రోజుల తర్వాత కాసేపు కళ్లు మూసుకుంది.

అప్పటినుంచే వడ్రంగి పిట్ట కొట్టిన దరువే మళ్లీ మళ్లీ కొడుతుంది. మధ్యమధ్యలో ఆగుతుంది కూడా. అలసిపోయి కాదు, పిల్లలు ఎలా కొడుతున్నారో వినడానికి.