ఎగరని రింగు

తుని దాటాక హైవే పక్కన టైర్ల షాపు నడిపే పోలయ్య మేస్త్రిని ఏదైనా అడిగి చూడండి, నోటితో జవాబు చెప్పడు. ఏదో ఒకటి చేసి చూపిస్తాడు, అది చెంప పగిలినంత పనవుద్ది. ముప్పయ్యేళ్ళు లారీ తోలిన చెయ్యది. గ్లాసు నిండా టీ ఇంజన్ మీద పెట్టుకుని కటక్ దాకా పోతే పైన కట్టిన తొరక కూడా చెదర్లేదంటే చూసుకోండి. నమ్మకపోతే మీ ఖర్మ, ఆ తొరకనే అడగండి.

ఆయన దగ్గర స్టీరింగు పట్టడం నేర్చినోడే లోవరాజు. ఓ మధ్యాహ్నం కోపంతో సలసలా మరిగిపోతా వచ్చాడు. సంగతేంటంటే, ఆగిన బస్సులోంచి జనం దిగుతుంటే దాని ఎడం పక్క సందులోంచి లారీని రయ్యిమని దూర్చేశాడు. ఓ ముసలమ్మ కింద పెట్టబోయిన కాలు వెనక్కి లాక్కుంది గనక బతికింది. ఎదురుగా ఎస్సై. కేసు రాసేశాడు. మర్నాడే కోర్టు. రుజువైతే జైలైనా పడొచ్చు, లైసెన్సైనా ఆగొచ్చు అన్నాడు ప్లీడరు. లైసెన్సు ఆగితే ఇంట్లో పొయ్యి ఆగినట్టే. అందుకని మేస్త్రి కోర్టుకొచ్చి, తానూ ఆ లారీలోనే ఉన్నాననీ, బండి మెల్లగానే పోయిందనీ దొంగసాక్ష్యం చెప్పాలి. ఆ చుట్టుపక్కల మేస్త్రి మాటంటే రాతిమీద గీత.

"ఎవడికీ గోరంత దెబ్బ తగల్లేదు మేస్త్రీ. తగలందానికి కేసేంటండీ? ఇదేం చట్టం?" అని పళ్ళు నూరాడు లోవరాజు.

మొగుడితోపాటు బతిమాలడానికొచ్చిన నాగరత్నం షాపు ముందు బల్ల మీద కూర్చునుంది. మేస్త్రి ఓ లారీ టైరు దొర్లించుకొచ్చి, దాన్ని బిగించే ఇనప రింగు సరిగ్గా ఆమె మొహానికి ఎదురొచ్చేలా నిలబెట్టాడు. గాలి కొట్టేటప్పుడు ఆ రింగు ఎగిరిందంటే ముంజికాయ చెక్కినట్టు తల లేచిపోద్ది. అందుకే అలాంటి టైరుని ఇనప బోనులో పెట్టిగానీ గాలి పట్టరు. లోవరాజుకి ఆ జాగ్రత్త నేర్పింది కూడా మేస్త్రే. అలాంటోడు బోను వంకన్నా చూడకుండా గొట్టం తగిలించి గాలి వదిలాడు.

మేస్త్రి పిచ్చోడేం కాదులెండి. లోపల ట్యూబు అరచెయ్యంత చిరిగుంది, ఏడు జన్మలు కొట్టినా గాలి నిలవదు. ఆ సంగతి లోవరాజుకి తెలిస్తేగా. ఒక్క గెంతులో గొట్టం పీకి పారేసి, పెళ్ళాన్ని అవతలకి లాగి, మేస్త్రి చొక్కా పట్టుకున్నాడు. గురువుని "నువ్వు" అనడం అదే మొదలు.

"నా పెళ్ళాం ప్రాణం నీకు ఆటగా ఉందా?"

"ఏం, రింగు ఎగిరిందా? పిల్లకి గోరంత దెబ్బన్నా తగిలిందా?" అన్నాడు మేస్త్రి.

"తగిలేదాకా చూస్తా కూర్చోమంటావా? మనిషి మీదకి తిప్పి గాలి కొట్టడమే తప్పు!"

మేస్త్రి తన చొక్కా విడిపించుకోలేదు. లోవరాజు కళ్ళలోకి చూస్తా, "ఇంత బాగా తెలిసినోడివి, సాక్ష్యానికి నేనెందుకురా?" అన్నాడు.