దుద్దులు విమానమెక్కిన వైనం

పిన్నింటివారింట్లో ఉన్నంత తెలివి ఊరు మొత్తంలో ఇంకెక్కడా లేదని పిన్నింటివారే చెప్పేవారు. వేరెవరూ చెప్పకపోబట్టి పాపం వాళ్ళే చెప్పుకోవాల్సి వచ్చేది. కరెంటు పోతే, తిరిగొచ్చిందో లేదో చూద్దామని టార్చిలైటు వేసి బల్బును పరీక్షించే బుర్రలు వాళ్ళవి. ఇంటిపెద్ద సింహాద్రికైతే అప్పుడప్పుడూ, "నేను కాస్త తెలివితక్కువవాణ్ణేమో" అని అనుమానం వచ్చేది. వెంటనే, "తెలివితక్కువవాడికి ఇలాంటి అనుమానం రాదు కదా!" అని తోచి మీసం దువ్వుకునేవాడు.

బెంగుళూరులో ఉన్న చెల్లెలు కృష్ణవేణి తన కూతురికి చెవులు కుట్టించాలనుకుంది. మేనమామ ఒళ్ళో కూర్చోబెట్టి కుట్టించాలి, బంగారు దుద్దులూ మేనమామే తేవాలి. సింహాద్రికి ఉన్నది ఒక్కతే మేనకోడలు. అందుకని కృష్ణవేణి పెద్దన్నకీ, వదిన పైడమ్మకీ, చిన్నన్న అప్పన్నకీ విమానం టిక్కెట్లు పంపి, ఫోన్లో జాగ్రత్తలు చెప్పింది.

"అన్నయ్యా, చేతిసంచి ఏడు కిలోలు. నీళ్ళు లోపలికి తీసుకెళ్ళనివ్వరు. మొన ఉన్నదేదీ సంచిలో పెట్టకండి. దుద్దులు మాత్రం మరిచిపోయావో, నీ మొహం చూడను!"

"నాకు చెప్పాలా అమ్మీ!" అన్నాడు సింహాద్రి.

ఇంకేముంది, ఇల్లంతా హడావిడి. బట్టలూ సున్నుండల డబ్బా సర్ది కిరాణాకొట్టు కాటాలో పెడితే సంచి నాలుగు కిలోలే తూగింది.

"అయ్యో, మూడు తక్కువొచ్చిందండీ!" అంది పైడమ్మ గుండె బాదుకుంటూ.

"విమానం ఓ పక్కకి ఒరిగిపోదూ మరి!" అన్నాడు అప్పన్న. అంతే, ఒక్క పరుగున వెళ్ళి పచ్చడి నూరే పొత్రం తెచ్చి సంచిలో పడేశాడు. ముల్లు సరిగ్గా ఏడు మీద నిలబడింది.

తర్వాత నీళ్ళ సంగతి. "కడుపులో పోసుకున్నా లోపలికి తీసుకెళ్ళినట్టే కదా" అని సింహాద్రి తేల్చాడు. అంతే, ముందురోజు నుంచే ముగ్గురూ మంచినీళ్ళు మానేశారు.

ఇక దుద్దులు. సింహాద్రి పెట్టె తెరిచి వాటిని తిరగేసి చూశాడు. రెంటికీ వెనకాల కాడలు, ఆ కాడలకి మొనలు!

"పట్టుకుంటారండీ. దుద్దుల్లేకుండా వెళ్తే మా ఆడపడుచు మన మొహం చూస్తుందా?" అంది పైడమ్మ.

అప్పన్న పట్టకారు తెచ్చి కాడలు రెండూ పుటుక్కు పుటుక్కున కత్తిరించేశాడు. "మరి వీటినేం చేద్దాం? బంగారం పారేస్తామా!"

"సంచిలో పెట్టొద్దంది గానీ సున్నుండలో పెట్టొద్దనలేదుగా!" అన్నాడు సింహాద్రి. తన బుర్రకి తనే ఆశ్చర్యపోయాడు. పైడమ్మ ఓ ఉండలో కాడలు దూర్చి, గుర్తుకి పైన జీడిపప్పు గుచ్చింది.

విమానాశ్రయంలో తనిఖీ చేసే ఆయన సింహాద్రి చేతులు చాపించి, గరిటలాంటి యంత్రంతో ఒళ్ళంతా తడిమాడు. వెండి మొలతాడు దగ్గర అది కుయ్‌మంది. తర్వాత సంచి తెరిచి, "ఈ రాయేంటయ్యా?" అన్నాడు.

"మీ... ఏడు కిలోలే... సార్" అన్నాడు సింహాద్రి, ఎండిపోయిన నాలుకతో.

ఆయన నవ్వాపుకోలేక, "సరే పట్టుకెళ్ళండి. ముందు కాసిని నీళ్ళు తాగండి బాబూ" అన్నాడు.

"అమ్మో, పరీక్ష పెడుతున్నాడు!" అనుకుని ముగ్గురూ తలలు గట్టిగా అడ్డంగా ఊపారు. అంత మంచాయన్ని వట్టి చేతుల్తో ఎలా వదులుతామని అప్పన్న డబ్బాలోంచి ఓ సున్నుండ ఏరి ఆయన చేతిలో పెట్టాడు.

బెంగుళూరులో ముహూర్తం వేళకి పాప మేనమామ ఒళ్ళో కూర్చుంది. కంసాలి సూది పట్టుకున్నాడు. కృష్ణవేణి పెట్టె తెరిచింది.

"దుద్దులకి కాడలేవన్నయ్యా?"

"కంగారుపడకు. జీడిపప్పు గుచ్చిన సున్నుండలో భద్రంగా ఉన్నాయి."

సంచి బోర్లించారు. పొత్రం దర్జాగా దొర్లుకుంటూ వచ్చింది. జీడిపప్పు సున్నుండ మాత్రం రాలేదు. అందరి చూపులూ అప్పన్న మీద పడ్డాయి.

"తనిఖీ ఆయనకిచ్చేశాను. మంచాయనకి మంచిదే ఇవ్వాలి కదా వదినా!"

ముహూర్తం దాటిపోతోందని కంసాలి విసుక్కుంటూ చెవులు కుట్టేసి, రెండు వేపపుల్లలు దూర్చాడు. పాప ఏడుపు. కృష్ణవేణి అన్నట్టే అన్న మొహం చూడకుండా గోడవైపు తిరిగి కూర్చుంది.

"నాకు నిజంగానే తెలివి తక్కువేమో" అనుకున్నాడు సింహాద్రి. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అంతలోనే ఓ ఆలోచన తళుక్కుమంది.

"ఊరుకో అమ్మీ, ఆ కాడలు ఎక్కడున్నా పట్టుకొస్తాను!" అన్నాడు మీసం దువ్వుకుంటూ.

తిరుగు విమానం దిగీ దిగగానే చుట్టూ తిరిగి తనిఖీ ఆయన దగ్గరికే పరుగెత్తాడు.

"సార్, ఆ గరిట ఇలా ఇచ్చి, ఇవాళ మీరు చేతులు చాపండి."

"ఎందుకయ్యా?"

"మా మేనకోడలి బంగారం మీ పొట్టలో ఎక్కడ కూస్తుందో చూడాలి!"