కలకంఠి లేబులు నడిమి ఖాళీ

నమ్మనివాళ్ళు ఇప్పుడే లేచి వెళ్ళొచ్చు, నేనేమీ అనుకోను. విన్నాక మాత్రం ఇది అబద్ధమనే దమ్ము మీలో ఒక్కరికీ ఉండదు. మద్రాసులో కలకంఠి రికార్డుల కంపెనీని భుజాల మీద మోసినవాణ్ణి నేను. మెషీను మొరాయిస్తే పక్కన నిలబడి ఒక్క దగ్గు దగ్గేవాణ్ణి, అది తిరిగేది.

మా లేబుళ్ళన్నీ వీరభద్రాచారిగారు గీసినవే. లక్క రికార్డుల కాలంలో ఎర్ర లేబులు, అంచున ఎదురెదురుగా రెండు కోయిలలు. తర్వాత నీలం లేబులు, ఒకటే కోయిల. వినైలు ప్లాస్టిక్ రికార్డులు వచ్చాక పసుపు లేబులు, అంచున ఒక ఈక, అంతే. మూడింటికీ నడుమ ఖాళీయే.

ఆ ఖాళీ చూస్తే ఆయన శిష్యుడు ఉమాకాంతానికి, అదే మా కాంతానికి, ఒళ్ళు మండేది. క్యాలెండర్ బొమ్మలు వేసి పేరు తెచ్చుకుని వచ్చినవాడు.

"గురువుగారూ, ఎవరి చూపైనా ముందు నడిమికే కదా పోయేది. అక్కడే ఏమీ లేకపోతే ఎలా?" అని అడిగేవాడు.

ఆచారిగారు కుంచె కడుక్కుంటూ ఉండిపోయేవారు.

"ఓపిక తగ్గేకొద్దీ ఆయన పిట్టలు ఎగిరిపోతున్నాయి" అని మా దగ్గర నవ్వేవాడు.

ఒకనాడు యజమాని శెట్టిగారు కొత్త లేబులు కావాలన్నారు. ఎవరి బొమ్మ అచ్చుకు వెళితే వాళ్ళే ఉంటారు, ఇద్దరికి జీతం ఇవ్వలేనన్నారు.

కాంతం సరస్వతిని వేశాడు. లేబులు నిండా అమ్మవారు, సరిగ్గా నడుమ ఆవిడ ముఖం. ఆ వీణ తీగ నేను గోటితో మీటితే మోగింది, ఒట్టు. అచ్చు నమూనా చూసి శెట్టిగారు చెప్పులు విడిచి దణ్ణం పెట్టారు.

ఆచారిగారు కుంచెలు గుడ్డలో మూటకట్టుకున్నారు. నేను ఊపిరి బిగబట్టాను. నేను బిగబడితే పూట గడిచేదాకా వదలను.

"అచ్చుకి పంపమంటారా?" అన్నారు శెట్టిగారు, ఆయన ముఖం చూడకుండా.

"పంపండి. ఒక్క పని మిగిలింది."

లేబుళ్ళకు చిల్లు కొట్టే ఇనప పంచ్ తెప్పించి, సుత్తితో సహా శిష్యుడి చేతిలో పెట్టారు.

"రికార్డు గ్రామఫోను మేకు మీదికి దిగాలి కదా నాయనా. బొమ్మ నీది. చిల్లు కూడా నువ్వే కొట్టు."

కాంతం పంచ్ ఆనించాడు. సరిగ్గా అమ్మవారి ముక్కు మీద. సుత్తి ఎత్తాడు. ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉండిపోయింది. శెట్టిగారు అడ్డం వెళ్ళబోయి ఆగారు. కాంతం గడ్డం మీంచి చెమట బొట్టు బల్ల మీద పడింది.

"కొంచెం పక్కకి కొడితే?" అన్నాడు.

"కొట్టు. పాట వంకరగా తిరుగుతుంది."

సుత్తి దిగింది, దెబ్బ వెయ్యకుండానే. కాంతం నమూనాని కళ్ళకద్దుకుని పక్కన పెట్టాడు. తెల్లకాగితం ఒకటి తీసుకుని, ముందు దాని నడుమ చిల్లు కొట్టాడు. తర్వాత గురువుగారి మూట విప్పి, ఒక కుంచె తీసి ఆయన చేతికిచ్చి, తాను రంగు కలపడానికి కింద కూర్చున్నాడు.

శెట్టిగారు మళ్ళీ జీతాల మాట ఎత్తలేదు.

ఇంకా అనుమానమా? ఆ పంచ్ తెచ్చి ఇచ్చిన ప్రెస్సు మనిషి చీరాలలో ఉన్నాడు, వెళ్ళి అడగండి. పేరు మస్తాన్‌వలీ.