దిష్టి తగలని జోలె

ఇప్పలకోన అడవిలో కొండముచ్చులు, ఎలుగుబంట్లు, దుప్పులు, నెమళ్ళు కలిసి బతికేవి. ఎండాకాలం రాగానే కొండమీది చెలమలు ఎండిపోయేవి. అప్పుడు అడవంతా పిల్లాజెల్లాతో కింది వాగుకు దిగేది. దారి ఒక పూట నడక. చంటిపిల్లలు జారిపోకుండా తల్లులు జోలెలు కట్టుకునేవి. వాటిని గూళ్ళల్లే పిట్ట గిజిగాడు అడ్డతీగ నారతో అల్లిపెట్టేవాడు.

సింగారి అనే కొండముచ్చుకు ఆ ఏడు తొలిచూలు బిడ్డ పుట్టింది. అడవిలో అంత అందమైన బిడ్డ ఇంకొకటి లేదని సింగారి నమ్మకం. ప్రతి తల్లికీ ఆ నమ్మకం ఉంటుంది. సింగారికి మాత్రం దానితోపాటు దిష్టి భయం కూడా పట్టుకుంది.

"గిజిగాడు మామా, నా జోలె లోతుగా అల్లు. పైన మూత పెట్టు. నా బిడ్డ మొహం ఎవరికీ కనపడకూడదు," అంది.

"మరి నీకెలా కనపడుతుందమ్మా?" అన్నాడు గిజిగాడు.

"నేను చెప్పినట్టు అల్లు, చాలు."

గిజిగాడు చెప్పినట్టే అల్లాడు. మూత మీద నాలుగు మోదుగపూలు కూడా గుచ్చాడు. జోలె చూడముచ్చటగా ఉంది.

నడక మొదలైంది. సింగారి వెనకాలే ఎలుగుబంటి నల్లక్క తన పిల్లను వీపున ఎక్కించుకుని వస్తోంది. నల్లక్క అప్పటికే నలుగురు పిల్లల్ని పెంచింది.

"ఏదీ, బుజ్జిదాన్ని ఓసారి చూపించు," అంది నల్లక్క.

"వద్దక్కా, దిష్టి తగులుతుంది."

"దిష్టికి బుగ్గన చుక్క పెడితే చాలదటే? ముక్కు మూయాలా? గడ్డం తన రొమ్ముకే ఆనితే పసిదానికి ఊపిరాడదు. జోలె పైకి బిగించు. నువ్వు తలవంచితే దాని నుదురు నీ మూతికి అందాలి."

సింగారి మూతి ముడుచుకుంది. "నీ పిల్లను ఎవరు చూస్తారులే అక్కా. నీకేం భయం!"

నల్లక్క మనసు చివుక్కుమంది. అయినా పక్కకు తప్పుకోలేదు. చెవులు జోలె మీదే పెట్టి నడిచింది.

మొదట్లో జోలెలోంచి చిన్న చిన్న కూతలు వినిపించాయి. బండల దారిలో అవి తగ్గాయి. వెదురు పొదలు దాటేసరికి ఏమీ వినిపించలేదు.

"చూశావా, ఎంత హాయిగా నిద్రపోయిందో," అంది సింగారి.

"నన్ను అడుగుతావేం? నువ్వు చూశావా?" అంది నల్లక్క.

సింగారి మూత ఎత్తింది. పిల్ల జోలె అడుగున ముడుచుకుపోయి ఉంది. గడ్డం రొమ్ములో దిగిపోయింది. పెదవులు నీలంగా ఉన్నాయి.

నల్లక్క ఒక్క ఉదుటున పిల్లను పైకి తీసింది. తల నిలబెట్టి వీపు, అరికాళ్ళు గట్టిగా రుద్దింది. దుప్పులు, నెమళ్ళు చుట్టూ మూగాయి. "గాలి తగలనివ్వండి!" అని కసిరితే వెనక్కి జరిగాయి. దాచిన మొహాన్ని అడవంతా చూస్తోంది. సింగారి ఎవరినీ వద్దనలేదు.

కాసేపటికి పిల్ల చిన్నగా దగ్గింది. ఆ తర్వాత కెవ్వుమని ఏడ్చింది. దాంతోపాటు సింగారి కూడా ఏడ్చింది.

సింగారి జోలె మూతను పళ్ళతో కొరికి అవతల పారేసింది. పిల్లను నిటారుగా తన రొమ్ముకు ఆనించి బిగించి కట్టుకుంది. నల్లక్క ఓ కాలిన మొద్దు నుంచి మసి తీసి పిల్ల బుగ్గన చుక్క పెట్టింది. "నీ దిష్టికి ఇది చాలు," అంది.

సింగారి భయం మాత్రం అంత తేలిగ్గా పోలేదు. ఆ పిల్ల పెద్దదై కొమ్మలు దూకే రోజుల్లో కూడా, అది అలికిడి లేకుండా పడుకుంటే సింగారికి నిద్ర పట్టేది కాదు.

ఆ రోజు వాగు చేరేదాకా పది అడుగులకోసారి తలవంచి పిల్ల నుదురు ముద్దుపెట్టుకుంది. ఎదురైన వాళ్ళనల్లా తనే ఆపి అడిగింది.

"కాస్త మా బిడ్డను చూడండి. ఊపిరి తీస్తోంది కదూ?"

నీతి: పసిబిడ్డ మొహం మీద పదిమంది చూపు పడినా ముప్పు లేదు, తల్లి చూపు పడకపోతేనే ముప్పు.