గంట మోగాక పడిన బంతి

అనగనగనగా, సముద్రానికి కాస్త ఇవతల, ఉప్పు పండే ఒక ఊళ్ళో, వరహాలమ్మ అని ఒకావిడ ఉండేది. ఇటు తిరిగి పడుకో బంగారూ, చెబుతాను.

ఆ ఊళ్ళో ఎటు చూసినా ఉప్పు మళ్ళే. గట్ల మీద తెల్లటి ఉప్పు రాశులు. పొద్దున్నే మంచు పడిందంటే ఏది మంచో, ఏది ఉప్పో, ఏది మబ్బో తెలిసేది కాదు.

వరహాలమ్మ జాకెట్లు కుట్టేది. చెయ్యి మంచిది. ధ్యాసే ఒకచోట నిలిచేది కాదు. పాలు పొయ్యి మీద పెట్టి కిటికీలోంచి ఆకాశం చూస్తూ నిలబడితే, అవి పొంగి పొయ్యి ఆరిపోయేది. బస్సెక్కి కూచుంటే, దిగాల్సిన ఊరు వెనక్కి వెళ్ళిపోయేది. ఒకసారైతే ఒక జాకెట్టుకి రెండు చేతులూ ఒకవైపే కుట్టేసింది.

"వరహాలమ్మ ఇంట్లో ఉందా?" అని ఎవరైనా అడిగితే, "మనిషి ఉంది, ధ్యాస మాత్రం మబ్బుల్లో ఉంది" అనేవాళ్ళు ఇరుగుపొరుగు.

ఆ ఊరి బడి వెనకాల, పాత ఉప్పు గోదాము పక్కన, పిల్లలు బాస్కెట్‌బాల్ ఆడుకునే సిమెంటు నేల ఉంది. ఆదివారం ఆదివారం పొద్దున్నే అక్కడ రెండు జట్లు ఆడేవి. ఒకటి కొంగల జట్టు, ఒకటి తాబేళ్ళ జట్టు. ఆడపిల్లలూ మగపిల్లలూ కలిసే ఆడేవాళ్ళు. ఈల ఊది ఆడించేది ఎస్తేరు టీచరు. పాయింట్లు పుస్తకంలో రాసేది జోగారావుగారు. ఆయన ఒకప్పుడు ఆ ఊరి పోస్టుమాస్టరు.

టైము చూసే ఆయనకి వేరే ఊరికి బదిలీ అయిపోయింది. అప్పుడు ఎస్తేరు టీచరు ఇల్లిల్లూ తిరిగింది. ఒకరికి పొలం పని, ఒకరికి ఆదివారం ప్రార్థన, ఒకరికి మోకాళ్ళ నొప్పి. చివరికి వరహాలమ్మ గుమ్మంలోకి వచ్చింది. పిల్లల బనియన్లకి అంకెలు కుట్టిచ్చింది ఆవిడే కదా, ఆ చనువు.

"నన్నా టీచరమ్మా?" అంది వరహాలమ్మ. "నా సంగతి నా పొయ్యి మీద పాలని అడగండి."

"పాలతో నాకేం పనండీ," అంది ఎస్తేరు టీచరు. "ఆదివారం ఆరున్నరకల్లా రండి. ఇచ్చేది ఒక గ్లాసు మజ్జిగే."

కాదనలేక వెళ్ళింది వరహాలమ్మ.

టీచరు ఆవిడ చేతిలో ఒక స్టాప్‌వాచ్ పెట్టింది. ఆట నాలుగు భాగాలు, ఒక్కోటి ఎనిమిది నిమిషాలు. ఈల వినబడితే వాచీ ఆపాలి. బంతి మళ్ళీ ఆటలోకి వస్తే కదిలించాలి. ఎనిమిది నిమిషాలు అవగానే, పక్కన వేలాడదీసిన ఇనప పట్టా ముక్కని సుత్తితో కొట్టాలి. ఠంగుమని మోగితే ఆట ఆగినట్టు.

"ఇంకొక్క మాట," అంది టీచరు. "గంట మోగేలోపు బంతి చేతులు వదిలితే, తర్వాత పడినా పాయింట్లు వస్తాయి. గంట మోగాక వదిలితే, పడినా రావు. అది చూసుకోవాల్సింది మీరే."

మొదటి ఆదివారం మూడు భాగాలు బాగానే గడిచాయి. నాలుగో భాగంలో, ఉప్పు మళ్ళ మీదుగా గులాబి రంగు కొంగలు లేచాయి. వంద ఉంటాయో, రెండు వందలు ఉంటాయో. మంచులోంచి మెల్లగా, చప్పుడు లేకుండా, ఒకదాని వెనక ఒకటి. వరహాలమ్మ తలెత్తి చూసింది. చూస్తూనే ఉంది. అవి సముద్రం వైపు కరిగిపోయాక తల దించింది.

వాచీలో పదకొండు నిమిషాలు దాటింది.

గబగబా గంట కొట్టింది. పిల్లలు ఎక్కడివాళ్ళక్కడ కూలబడ్డారు. జోగారావుగారు కళ్ళజోడు తుడుచుకుంటూ, "అమ్మా, ఇవి ఎనిమిది నిమిషాలా, ఎనిమిది జన్మలా?" అన్నారు.

అందరూ నవ్వారు. కొంగల జట్టు మాత్రం నవ్వలేదు. ఎనిమిది నిమిషాలప్పుడు గెలుస్తున్నది వాళ్ళే. మీద పడ్డ ఆ మూడు నిమిషాల్లో తాబేళ్ళు నాలుగు పాయింట్లు వేసి గెలిచేశారు. మోగిన గంటే గంట. ఇక మార్చడానికి లేదు.

కొంగల జట్టులో అందరికంటే పొట్టిది యమున. తొమ్మిదేళ్ళ పిల్ల. వెళ్తూ వెళ్తూ ఒక్కసారి వెనక్కి తిరిగి వరహాలమ్మని చూసి వెళ్ళిపోయింది, అంతే. ఆ రోజు వరహాలమ్మకి అన్నం సయించలేదు.

రెండో ఆదివారం ఆవిడ మనసు రాయి చేసుకుని వెళ్ళింది. వాచీ మీంచి కన్ను తియ్యలేదు. ఈల వినబడితే ఆపింది, టీచరు అరిస్తే కదిలించింది, క్షణం అటూ ఇటూ కాకుండా గంట కొట్టింది. జోగారావుగారు మెచ్చుకున్నారు. కానీ ఎవరు గెలిచారో కూడా ఆవిడకి తెలియలేదు. ఇంటికి వెళ్ళి కళ్ళు మూసుకుంటే అంకెలు తప్ప ఏమీ కనబడలేదు. పిల్లలంతా అంతసేపు కళ్ళముందే పరుగెత్తారు కదా, ఒక్క మొహమైనా గుర్తు రాదేం అని దిగులుపడింది.

ఆ తర్వాత వారం మధ్యలో, ఒక మధ్యాహ్నం, మిషను తొక్కుతోంది. పాదం దాని మానాన అది ఆడుతోంది. చెయ్యి గుడ్డని తోస్తోంది. కన్ను సూది దగ్గర ఉంది. చెవి వీధిలో చేపలమ్మే ఆవిడ కేక వింటోంది. టక్కున మిషను ఆపి తన పాదాన్ని చూసుకుంది. "దీన్ని నేను ఏనాడైనా చూశానా? చూడకుండానే దానికి తెలుసు కదా" అనుకుంది.

అప్పటినుంచి బొటనవేలికి పని నేర్పింది. టీచరిచ్చిన వాచీ చేత్తో పట్టుకుని, ఇంట్లో రేడియో పెట్టుకుని, పాట ఆగితే వేలు నొక్కడం, పాట మొదలైతే వేలు నొక్కడం. కన్ను మాత్రం కిటికీలోనే.

మూడో ఆదివారం వేలు దాని పని అది చేసుకుపోయింది. వాచీ వైపు అప్పుడప్పుడు ఒక్క చూపు, అంతే. కన్ను ఆట చూసింది.

అబ్బ, ఏం చూసిందనుకున్నావు. మంచులోంచి పిల్లలు వస్తున్నారు, మంచులోకి పోతున్నారు. బంతి నేలకి తగిలి డబ్ డబ్ మంటోంది, పెద్ద గుండె ఏదో కొట్టుకుంటున్నట్టు. గోదాము గోడ మీంచి ఉప్పు పొడి రాలి ఎండలో మెరుస్తోంది. మొదటి నిమిషంలో పిల్లలు గాలిపటాల్లా ఉన్నారు. నాలుగో నిమిషంలో చెమటకి బనియన్లు వీపుకి అంటుకున్నాయి. ఏడో నిమిషంలో ఎవరూ మాట్లాడడంలేదు, ఊపిరే వినబడుతోంది. ఎనిమిది నిమిషాల్లో ఇంత చోటుందా అని వరహాలమ్మ ఆశ్చర్యపోయింది.

అలా ఎన్ని ఆదివారాలో. చలి పోయింది, ఎండలొచ్చాయి. ఆవిడకి ప్రతి పిల్లా, ప్రతి పిల్లాడూ తెలిసిపోయారు. ఎవరు పడితే వెంటనే లేస్తారో, ఎవరు పడి కాసేపు ఆకాశం చూస్తారో. అందరూ ఎప్పుడో ఒకప్పుడు బంతి వేశారు. యమున ఒక్కతే ఏడాదంతా ఒక్కటీ వెయ్యలేదు. వేస్తే రింగు దాకా పోయేది కాదు. అయినా ప్రతి వారం అందరికంటే ముందు వచ్చేది.

ఆ తర్వాత మబ్బులు కమ్ముకొచ్చాయి. ఉప్పు రాశుల మీద తాటాకులు కప్పేశారు. వాన పడితే ఆ నేలంతా నీళ్ళు నిలిచిపోతాయి, ఇక ఆట ఉండదు. అందుకని ఆ ఆదివారం ఆఖరి ఆట. ఎవరు గెలిస్తే ఏడాదికి వాళ్ళే గెలిచినట్టు. ఊరు ఊరంతా వచ్చి గట్టు మీద కూచుంది.

ఆట చివరికొచ్చింది. తాబేళ్ళకి ఇరవై ఒకటి. కొంగలకి ఇరవై.

అప్పుడు బంతి ఎవరి చేతుల్లోంచో జారి, దొర్లి దొర్లి యమున కాళ్ళ దగ్గరికి వచ్చింది. యమున వంగి తీసుకుంది. పెద్దపిల్లలంతా చుట్టూ మూగారు.

వరహాలమ్మ కన్ను యమున మీదే ఉంది. వేలి కింద వాచీ నడుస్తోంది, ఇందాక దాన్ని చూసినప్పటినుంచి మనసులో సెకన్లు లెక్కపెడుతోంది. మూడు. రెండు. ఒకటి.

ఠంగ్.

ఆ మోత ఇంకా గాలిలో ఉండగానే యమున బంతి విసిరింది. బంతి పైకి లేచింది. అంత పైకి ఆ పిల్ల ఎప్పుడూ విసరలేదు. మబ్బు రంగు ఆకాశంలో కాసేపు ఆగినట్టయి, వంగి, రింగుకి తగలకుండా వలలోంచి జారి కింద పడింది.

గట్టంతా లేచి నిలబడింది. కొంగల జట్టు యమునని భుజాల మీదికి ఎత్తేసింది. ఎస్తేరు టీచరు మాత్రం ఈల నోట్లో పెట్టుకుని, ఊదకుండా నిలబడింది. పెద్దపిల్లలు అడ్డుండి ఆవిడకి యమున చేతులు కనబడలేదు.

ఆవిడ మెల్లగా బల్ల దగ్గరికి వచ్చింది. జోగారావుగారు కలం ఎత్తి పట్టుకుని ఉన్నారు.

"వరహాలమ్మగారూ, మీరు గంట కొట్టేసరికి బంతి ఎక్కడుంది?"

ఊరంతా ఇటు తిరిగింది. భుజాల మీద కూచున్న యమున కూడా ఇటే చూస్తోంది.

వరహాలమ్మకి మూడు జవాబులు తోచాయి బంగారూ. బంతి చెయ్యి దాటింది అనొచ్చు. అప్పుడు తన మూలంగా ఓడిన పిల్లలు ఇవాళ తన మూలంగా గెలుస్తారు. రెండోది ఇంకా సులువు. నేను చూడలేదు టీచరమ్మా, మబ్బులు చూస్తున్నాను అనొచ్చు. ఊరంతా నవ్వుతుంది, నమ్ముతుంది, పోనీలే అని బంతి లెక్కలోకి వచ్చేస్తుంది. మూడోది ఒకటి ఉంది.

ఆవిడ కొంగు చేతికి చుట్టుకుంది.

"దాని చేతుల్లోనే ఉంది టీచరమ్మా," అంది. "రెండు చేతుల్లోనూ ఉంది."

గట్టు మీంచి యమున మేనమామ లేచాడు. "ఎదురుగా ఉన్న మనిషే కనబడదు ఆవిడకి. బంతి కనబడిందా?"

"చూశానంటున్నారు కదండీ," అంది ఎస్తేరు టీచరు. "చూసే ఉంటారు."

జోగారావుగారు కలం మూత పెట్టేశారు. కొంగల జట్టు యమునని మెల్లగా కిందికి దించింది. వాళ్ళు ఆ పిల్లని ఒక్క మాటా అనలేదు. అనకపోవడమే ఇంకా కష్టంగా ఉంది దానికి. వెళ్ళి గోదాము వెనక, మోకాళ్ళలో తల పెట్టుకుని కూచుంది.

ఆ తర్వాత వరహాలమ్మ వెళ్ళి పక్కన కూలబడింది.

"నా వల్లే ఓడిపోయాం పెద్దమ్మా," అంది యమున.

"నా వల్ల కూడా ఒకసారి ఓడిపోయారు తల్లీ. ఆ రోజు నేను చూడలేదు. చూడనందుకే నాకు సిగ్గేసింది. ఇవాళ చూశాను."

యమున ముక్కు తుడుచుకుంది. "పడింది కదా?"

"పడింది."

"ఎలా పడింది? నాకు కనబడలేదు. నేను కళ్ళు మూసుకున్నాను."

అప్పుడు వరహాలమ్మ చెప్పింది. నీ మడమలు రెండూ నేలమీంచి లేచాయమ్మా. నాలిక చివర పళ్ళ మధ్య ఉంది. చేతులు చాచావు, వేళ్ళన్నీ విచ్చుకున్నాయి. బంతి పైకి పోతుంటే దానిమీద అంటిన ఉప్పు పొడి రాలింది, అందరి తలల మీదా. పైన అది కాసేపు ఆగింది. ఆగి, ఎక్కడికి పోవాలో అప్పుడే తోచినట్టు, తిన్నగా వలలోకి వచ్చింది. ఉఫ్‌మని చప్పుడైంది, దీపం ఊదినట్టు.

"ఎంతసేపు ఆగింది పైన?"

"ఏమో తల్లీ. వాచీ అప్పటికే ఆగిపోయింది కదా. ఆ కాస్త సేపు ఎవరి లెక్కలోనూ లేదు. ఎంత ఉందో ఎవరూ కొలవలేదు. అదంతా నీదే."

యమున ఆలోచించింది. "మళ్ళీ చెప్పు," అంది.

మళ్ళీ చెప్పింది. యమున మళ్ళీ అడిగింది. మూడోసారి చెబుతుంటే, ఆ పిల్ల లేచి నిలబడి, మడమలెత్తి, చేతులు చాచి చూసుకుంది.

అప్పుడు మొదటి చినుకు పడింది. తర్వాత ఇంకోటి. గట్టు మీద జనం గొడుగులు వెతుక్కుంటూ ఇళ్ళకి పరుగెత్తారు. జోగారావుగారు పుస్తకాన్ని చొక్కాలో దాచుకుని, గొడుగు కింద అక్కడే నిలబడ్డారు. పిల్లలు మాత్రం పోలేదు. కొంగలూ తాబేళ్ళూ కలిసిపోయి, తడిసిన నేల మీద జారుతూ, ఎవరిది ఏ జట్టో లెక్క లేకుండా ఆడుతున్నారు. యమున వాళ్ళలోకి పరుగెత్తి బంతి తీసుకొచ్చింది.

"నువ్వు వెయ్యి పెద్దమ్మా."

వరహాలమ్మ అన్నాళ్ళూ బల్ల వెనకే కూచుంది. ఆ నేల మీద ఏనాడూ కాలు పెట్టలేదు. కొంగు నడుముకి దోపుకుని, చెప్పులు వదిలేసి వచ్చింది. మొదటిసారి వేస్తే బంతి ఆవిడ కాళ్ళ దగ్గరే పడింది. రెండోసారి వేస్తే జోగారావుగారి గొడుగుకి తగిలింది. మూడోసారి రింగుని కింద నుంచి తాకి, వానతో పాటు ఆవిడ మీదికే వచ్చేసింది. పిల్లలు పడీ పడీ నవ్వారు.

మొహం మీద నీళ్ళు తుడుచుకుని, "బంతి ఇలా ఇవ్వండర్రా, ఇంకొక్కసారి," అంది వరహాలమ్మ.

నిద్రొస్తోందా బంగారూ? కళ్ళు మూసుకో మరి.

బంతి వలలోకి, చినుకు మడిలోకి,
కొంగ గూటిలోకి, చిట్టి కలలోకి,
కథేమో కంచికి, కన్నేమో నిద్దరకి.