మంగి వేసిన మూడో కేక

ఇప్పటి రేవులేవీ ఇంకా పుట్టని కాలంలో, సముద్రపు ఒడ్డున కడలిపురం అనే పట్టణం ఉండేది. అక్కడ కొండలరాయుడనే ముసలి నావికుడు పిల్లలకు ఓడ నడపడం నేర్పే పాఠశాల పెట్టాడు. చదువు పూర్తికావాలంటే పిల్లలంతా కలిసి ఓడను ఎదుటి దీవిదాకా నడిపి, మళ్ళీ రేవుకు తేవాలి. గురువు ఓడలోనే ఉంటాడు గాని తెరచాప తాడైనా ముట్టుకోడు.

ఆ ఏడాది వెళ్ళినవాళ్ళలో పెద్ద పిల్లలు ముగ్గురే. షావుకారు కొడుకు కేతనుడు, అతని ప్రాణస్నేహితుడు పైడన్న, వలలు అల్లేవారి అమ్మాయి మంగి. మిగిలినవాళ్ళు పసివాళ్ళు.

వెళ్ళడం హాయిగానే వెళ్ళారు. తిరిగి వస్తుంటే, రేవు దగ్గరపడే వేళకు పొగమంచు కమ్మింది. రేవు ముందంతా ఇసుకమేటలు. అలాంటప్పుడు ఒకరు ఓడ ముందు నిలబడి, సీసపు గుండు కట్టిన తాడును నీళ్ళలోకి వదిలి, ఎన్ని బారల లోతుందో కేక వేయాలి. ఆ కేకను నమ్మే చుక్కాని తిప్పుతారు. లోతు రెండు బారలకు తగ్గితే ఓడ అడుగు మేటకు తగులుతుంది. ఈ పనికి పెద్ద పిల్లలు ముగ్గురూ వంతులు వేసుకున్నారు.

మొదటి వంతు కేతనుడిది. ఒకసారి గుండు వదిలాడు. ఆరు బారల లోతు తేలింది. తడి తాడు అరచేతులను కోసింది. షావుకారు బిడ్డ కదా, సుకుమారం. రెండోసారి తాడు వదలకుండానే ఆరు బారలని కేక వేసి, చుక్కాని దగ్గరకు వెళ్ళిపోయాడు.

రెండో వంతు పైడన్నది. అతను నిజంగానే కొలిచాడు. మూడు బారలే తేలింది. కేతనుడు రెండోసారి కొలవలేదని అతనికి ఇట్టే అర్థమైంది. మూడని చెబితే స్నేహితుడు గురువు ముందు దొరికిపోతాడు. వెధవ స్నేహం! నిజంతో బేరమాడి, ఐదు బారలని కేక వేశాడు.

మూడో వంతు మంగిది. గుండు వదిలీ వదలకముందే నేలను తాకింది.

"రెండు బారలు, గురువుగారూ. ఓడను సముద్రంలోకి తిప్పేయాలి" అంది.

పసివాళ్ళు నవ్వారు. ఐదు బారల నీరు ఇంతలోనే రెండెలా అవుతుందని వాళ్ళ అనుమానం. కొండలరాయుడు నవ్వలేదు. గాలి లేస్తోంది. ఈ గాలిలో వెనక్కు తిరిగితే ఓడ తలకిందులైనా కావచ్చు. మళ్ళీ కొలిచే వ్యవధి లేదు. ఆయన అబ్బాయిలిద్దరినీ అడిగాడు.

"నాయనలారా, మీరు కొలిచే చెప్పారా?"

కేతనుడు పైడన్న మొహం చూశాడు. పైడన్న కేతనుడి మొహం చూశాడు. అప్పుడు ఒక్క మాట చెప్పినా సరిపోయేది.

"కొలిచే చెప్పామండి" అన్నారు ఇద్దరూ.

అయితే నువ్వే తప్పు కొలిచి ఉంటావమ్మా అన్నాడు గురువు మంగితో, మెత్తగానే. మంగి ఎంత మొత్తుకున్నా లాభం లేకపోయింది.

కాసేపటికే ఓడ మేటకు గుద్దుకుని అడుగు విడిపోయింది. ఆ ముసలాయనే పిల్లలను ఒక్కొక్కరినీ విరిగిన చెక్కల మీదకు ఎక్కించి ఒడ్డువైపు తోశాడు. ఆఖరి పసివాడిని ఎక్కించాక ఒక అల ఆయనను లాక్కుపోయింది. పిల్లలు గొంతు పోయేలా పిలిచారు. జవాబు రాలేదు.

మంచు విడిపోయాక చూస్తే రేవు కళ్ళ ముందే ఉంది. ఒడ్డున కేతనుడు మంగి కాళ్ళ మీద పడి, తాను రెండోసారి తాడు వదలనే లేదని చెప్పి వెక్కి వెక్కి ఏడ్చాడు. పైడన్న తల దించుకుని తన మూడు బారల సంగతి కూడా చెప్పాడు.

మంగికి కోపం రాలేదు. కోపగించే ఓపిక కూడా ఆ పిల్లకు మిగల్లేదు.

"నాకెందుకు చెబుతారు? గురువుగారు అడిగినప్పుడు చెప్పవలసింది" అంది.

మంగి కొలతే నిజమని కడలిపురమంతా ఒప్పుకుంది. ఒప్పుకుని ఏం లాభం? కొండలరాయుడు తిరిగి రాలేదు. ఆ పాఠశాల తలుపు మళ్ళీ తెరుచుకోలేదు.

కనుక పిల్లలూ, ఒకరి అబద్ధానికి ఇంకొకరు వత్తాసు పలికితే, ఆ తరువాత వచ్చే నిజాన్ని ఎవరూ నమ్మరు.